భయమునకు మందు పుచ్చుకొనుట అవిశ్వాసమా?

ధ్యాన భాగములు: 1 రాజులు 19:1–8, 2 కొరింథీయులకు 7:5, ఫిలిప్పీయులకు 4:6



జ్వరము వచ్చినప్పుడు మందు పుచ్చుకొనుట తప్పా అని మన సంఘములలో ఎవరును అడుగరు. చక్కెర వ్యాధికి మాత్ర వేసికొను పెద్దను చూచి, ఈయన విశ్వాసము సన్నగిలినదని ఎవరును అనుకొనరు. కంటికి శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన అవ్వ కొరకు ఆదివారపు ఆరాధనలో కృతజ్ఞతాస్తుతులు చెల్లింతుము. కాని ఒక విశ్వాసి, "నాకు కారణము లేకుండ భయము పుట్టుచున్నది, దానికి డాక్టరుగారు మాత్రలు ఇచ్చినారు" అని చెప్పిన క్షణమున వినువారి ముఖములు మారిపోవును. "ప్రార్థన చేయుట లేదా?" అని ఒకరు, "వాక్యము చాలలేదా?" అని మరియొకరు, "ఏదైనా పాపము దాచుకొన్నావేమో చూచుకో" అని వేరొకరు పలుకుదురు.

మా సంఘములోని ఒక సహోదరి, అందరును వెళ్ళిపోయిన తరువాత మమ్మును అడిగినది: "అయ్యగారూ, బుగులుకు గోలీలు వేసుకుంటే దేవునికి కోపమొస్తదా?" ఆమె ఆ గోలీలను అత్తగారి కంట పడకుండ బియ్యపు డబ్బాలో దాచుకొనుచున్నదట. ఎవరో ఒక పెద్ద మనిషి మాట విని రెండు పర్యాయములు ఉన్నట్టుండి మానివేసి, రెండు పర్యాయములును మునుపటికంటె ఎక్కువ బాధపడినదట.

ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి మనమిచ్చు జవాబు ఎటు తప్పినను ఒకరికి హాని కలుగును. అది పాపమని చెప్పితిమా, రోగి తన రోగమును దాచుకొనును, లేదా మందును ఒక్కసారిగా మాని ఆపదలో పడును. మాత్ర వేసికొని ఊరకుండుమని తేలికగా చెప్పితిమా, ఒక్కొక్కప్పుడు మేలుకొనవలసిన మనస్సాక్షిని జోకొట్టినవారమగుదుము. కనుక ఈ నెల ఈ సంగతిని నెమ్మదిగా ఆలోచింతము.

ఈ విషయమును గూర్చి మేము పుస్తకములలో చదివి మాత్రమే వ్రాయుట లేదు. 2021వ సంవత్సరపు వేసవిలో కరోనా రెండవ విడత మన పల్లెలను తాకినప్పుడు, ఇతర కాపరులవలెనే మేమును మాటిమాటికి సమాధుల తోటకు నడిచితిమి. బంధువులు సైతము దగ్గరకు రా జంకిన దినములవి. ఆ పని చేయుచున్నంత కాలము మాకు భయము తెలియలేదు. వానలు పడి, ఊరు తేరుకొని, అందరును తిరిగి పొలములకు పోవుచున్న దినములలో అది మొదలాయెను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చును, గుండె డప్పు కొట్టినట్లు కొట్టుకొనును, చేతులు చల్లబడును, ఊపిరి అందదు, ఈ క్షణమే ప్రాణము పోవునని తోచును. అరగంటకు అది తగ్గును. మరునాడు అది మరల వచ్చునేమోనను భయము మిగులును. క్రమముగా ప్రసంగ పీఠము నొద్దను అది రాసాగెను. చదువవలసిన వాక్యమునందలి అక్షరములు కన్నుల ముందు కదలిపోయెడివి.

గుండె పరీక్షలన్నియు చేయించితిమి. గుండెలో దోషము లేదని తేలెను. ఉపవాసముండి ప్రార్థించితిమి. సంఘ పెద్దలు వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థించిరి. ఆ ప్రార్థనలు వ్యర్థమని మేమెన్నడును చెప్పము; ఆ నెలలలో మేము ఒంటరివారము కాలేదనుటకు అవియే సాక్ష్యము. అయినను రాత్రి రెండు గంటల దడ పోలేదు.

అప్పుడు హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురాలో కాపురమున్న మా పినతల్లి కుమారుడు మమ్మును పిలిపించుకొని ఒక నెల తన ఇంటనే ఉంచుకొనెను. అతడు మమ్మును మానసిక వైద్యుని యొద్దకు తోడుకొని పోయెను. ఆ వైద్యుడు మహమ్మదీయుడు. ముప్పావు గంట మేము చెప్పినదంతయు విని, "పాస్టరుగారూ, దీనికి పేరున్నది, మందున్నది, మీరు చచ్చిపోరు" అనెను. ఎస్సిటలోప్రామ్ అను మాత్రను మొదట 5 మిల్లీగ్రాములును, వారము తరువాత 10 మిల్లీగ్రాములును వ్రాసెను. అది పనిచేయుటకు కొన్ని వారములు పట్టును గనుక, అంతవరకు రాత్రివేళ క్లోనజెపామ్ అర మాత్ర ఇచ్చి, మూడు వారములైన తరువాత దానిని మెల్లగా తగ్గించి మాన్పించెను. మొదటి దినములలో వికారము కలుగవచ్చుననియు, అలజడి కొంచెము పెరిగినట్లు కూడ అనిపించవచ్చుననియు, ఆయనను అడుగకుండ ఏ మాత్రయు మానవద్దనియు ముందుగానే చెప్పెను. ఆయన చెప్పినట్లే జరిగెను. మేమును ఆయన చెప్పినట్లే నడిచితిమి.

నాలుగవ వారమున ఏమి జరిగెను? దర్శనమేమియు కలుగలేదు. ఆనందము ఉప్పొంగలేదు. ఒక రాత్రి పడుకొని, తెల్లవారుజామున దాపునున్న మసీదు నుండి అజాను వినబడు వరకు నిద్రపోయితిమి. అంతే. మందు మాకిచ్చినది అదియే: నిద్ర, నిలకడగా కొట్టుకొను గుండె, కదలని అక్షరములు. అది సమాధానమును ఇయ్యలేదు. సమాధానమును వెదకుకొనగల మనిషిని తిరిగి ఇచ్చెను. మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క భేదములోనే ఉన్నది.

మన తెలంగాణా పల్లెల పలుకుబడిలో ఈ భేదము ఎంత తేటగా నున్నదో చూడుడి. రంది అను మాట మనకున్నది. బుగులు అను మాటయు ఉన్నది. "బిడ్డ పెండ్లి గురించి రంది", "పంట గురించి రంది" అందుము. రందికి ఒక విషయముండును. మనిషి దానిని పెట్టుకొనును, పెంచుకొనును, కావలెనంటే కొంత దించుకొనును. అందుకే "రంది పెట్టుకోకు" అని ఒకరినొకరు ఓదార్చుకొందుము. బుగులు అట్టిది కాదు. "బుగులు పుట్టింది" అందుమే గాని, "బుగులు పెట్టుకొంటిని" అని ఎవరును అనరు. అది దేహములో దానంతట అదే పుట్టును. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు పాతబస్తీలో ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట ప్రాంతముల ఇండ్లలోనికి నీళ్ళు జొరబడిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. వైద్యుని గది బయటి బల్లమీద కూర్చున్న ఒక తల్లి, ఆ రాత్రి తరువాత మబ్బు పట్టిన ప్రతిసారియు తన కాళ్ళు వణకుచున్నవని మాతో చెప్పెను. ఇప్పుడామె మూడవ అంతస్థులో ఉన్నది. నీరు రాదని ఆమెకు తెలియును. తెలియుట ఒకటి, కాళ్ళు వణకుట మరియొకటి. ఆమె మనస్సు తనకు తెలిసిన సత్యమునే నమ్మియున్నది. ఆమె దేహము మాత్రము ఇంకను ఆ రాత్రిలోనే ఉన్నది.

ఇప్పుడు దేవుని వాక్యమునకు వత్తము. దేనిని గూర్చియు చింత పెట్టుకొనక, మన విన్నపములను దేవునికి తెలియజేయవలెనని పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను. ఈ మాట ఆజ్ఞయే, సందేహము లేదు. కాని ఆజ్ఞ అనునది మనిషి చిత్తమునకు ఇయ్యబడునది. లెమ్ము, ఇమ్ము, క్షమించుము అని ఆజ్ఞాపింపవచ్చును. నాడి కొట్టుకొను వేగమునకు ఎవరు ఆజ్ఞ ఇత్తురు? జ్వరముతోనున్న బిడ్డకు "కాలకుము" అని ఏ తల్లి ఆజ్ఞాపించును? రందిని దేవుని యొద్దకు తీసికొనిపోవుట మన చేతిలో ఉన్న పని. అందుచేత అది ఆజ్ఞాపింపబడెను. బుగులు మన చేతిలో లేదు. అందుచేత అది ఆజ్ఞకు అవిధేయత కాదు.

ఇది మా కల్పన కాదు. పౌలు జీవితమే సాక్షి. మాసిదోనియకు వచ్చినప్పుడు తన దేహమునకు నెమ్మది లేదనియు, బయట పోరాటములు ఉన్నట్లే లోపల భయములును ఉన్నవనియు ఆయన కొరింథు సంఘమునకు దాపరికము లేకుండ తెలియజేసెను. ఆయన నెమ్మది లేదని చెప్పినది దేహమును గూర్చి అని గమనించుడి. అదే పత్రిక 11వ అధ్యాయము 28వ వచనములో, సంఘములన్నిటిని గూర్చి తనకు అనుదినము కలుగు భారమును చెప్పుచు ఆయన వాడిన గ్రీకు మాట, ఫిలిప్పీ పత్రికలో వద్దన్న చింతకు మూలమైన మాటయే. చింత వద్దని వ్రాసిన చెయ్యియే తన చింతను ఒప్పుకొన్నది. అందునుబట్టి ఎవరైనను పౌలును అవిశ్వాసి అందురా? గెత్సేమనే తోటలో మన ప్రభువు పొందిన వేదనను లూకా 22వ అధ్యాయములో చదువుడి. ఆయన చెమట నేలమీద పడెను. పాపము లేని ఆయన దేహము వణకినదనిన, దేహము వణకుట పాపము కాదని స్పష్టమగుచున్నది.

ఏలీయా సంగతి మరి విచిత్రము. కర్మెలు కొండమీద అంత గొప్ప జయమైన తరువాత, యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, బదరీ వృక్షము క్రింద కూలబడి చావు కోరుకొనెను. దేవుడు ఆయనకు ప్రసంగము చేయలేదు. "నీ విశ్వాసమేమాయెను?" అని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి, కాల్చిన రొట్టెయు నీళ్ళును ఇచ్చెను. ఏలీయా తిని మరల పండుకొనెను. దూత రెండవసారి వచ్చి లేపెను. అప్పుడు నలువది దినముల నడక. ఆ తరువాతనే హోరేబు గుహ యొద్ద, నీవిక్కడ ఏమి చేయుచున్నావను ప్రశ్న. చూచితిరా, ఈ క్రమమును! ముందు దేహమునకు కావలసినది, పిమ్మట ఆత్మకు కావలసినది. మనమో క్రమమును తలక్రిందులు చేసి, నిద్ర లేనివానికి ప్రశ్నలు వేయుచున్నాము.

రోగియైన హిజ్కియా ప్రార్థించి దేవుని వాగ్దానము పొందెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుంటిమీద వేయించెను. తరచుగా జబ్బు పడుచున్న తిమోతికి, కడుపు నిమిత్తము ఏమి పుచ్చుకొనవలెనో పౌలే వ్రాసెను. పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడు. రోగులకే వైద్యుడు కావలెనని మన ప్రభువు పలికినప్పుడు ఆయన వైద్యమును తృణీకరింపలేదు, దానిని ఉపమానముగా తీసికొనెను.

ఆ నెలలో సాయంకాలములయందు మేము గౌలిపురా నుండి చార్మినారు వైపు నడచుచుండెడివారము. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో ఆ కట్టడమును కట్టించెను. మహమ్మారి శాంతించినందుకు దేవునికి కృతజ్ఞతగా కట్టించెనని జనులు చెప్పుకొందురు. అది ఎంతవరకు నిజమైనను, ఆ రాజే 1595లో దారుల్‌షిఫా అను వైద్యశాలను కట్టించినది మాత్రము చరిత్ర. ఆ పేరునకు స్వస్థతా గృహమని అర్థము. రోగులకు వైద్యము, విద్యార్థులకు వైద్యవిద్య అక్కడ జరుగుచుండెను. కట్టడము నేడు శిథిలమైనను, ఆ పేట నేటికిని ఆ పేరుతోనే పిలువబడుచున్నది. ఒకే రాజు, నాలుగేండ్ల వ్యవధిలో, ప్రార్థన జ్ఞాపకముగా ఒక కట్టడమును, మందుల కొరకు వేరొక కట్టడమును! ఒకదానిని కట్టుట రెండవదానిపై అపనమ్మకమని ఆ కాలపు జనులకు తోచలేదు.

చార్మినారు ప్రక్కనే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున కట్టబడిన యునానీ దవాఖానా ఉన్నది. యునానీ వైద్యములో గుండె దడకు ఖఫ్‌ఖాన్ అని పేరు. దానికి ఖమీరా గావ్‌జబాన్ వంటి లేహ్యములను హకీములు తరతరములుగా ఇచ్చుచున్నారు. ఆ లేహ్యముల గుణమును గూర్చి మేము తీర్పు చెప్పజాలము. మేము పుచ్చుకొన్నది అది కాదు. మేము గమనించినది వేరు. దడ అనునది నోరు తెరచి చెప్పుకొనదగిన వ్యాధి అనియు, దానికి చీటీ వ్రాయించుకొని వరుసలో నిలుచుట సిగ్గు కాదనియు ఆ వైద్యము ఏనాడో ఒప్పుకొన్నది. మన సంఘములు ఒప్పుకొనుటకు ఇంకను జంకుచున్నవి.

నిజమునకు మన పూర్వికులు జంకలేదు. కుష్ఠురోగిని చూచి దైవశాపమని లోకము తరిమివేసిన కాలములో, డాక్టర్ ఇసబెల్ కెర్ అను మిషనరీ స్త్రీ నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఆసుపత్రి నెలకొల్పెను. ఆ ప్రాంగణములో ప్రార్థనయు జరిగెను, సూదిమందును ఇయ్యబడెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచి, రోగిని గదిలో బంధించుటకు బదులు అతని ఇంటివారిని కూడ అతనితో ఉండనిచ్చిరి. దేహరోగమైనను మనోరోగమైనను, ప్రార్థించిన చేతులే మందును పట్టుకొన్నవి.

ఇక లోతైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. మాకును అది కలిగెను గనుక దాటిపోము. "మాత్ర వలన వచ్చిన నెమ్మది నీదా, మాత్రదా? మందు ప్రభావమున ధైర్యముగా నిలిచినవాని ధైర్యమునకు విలువ ఏమి?" అని కొందరు అడుగుదురు.

మన మందిరములో మైకు గరగరలాడును. ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ సరిచేయగా గరగర ఆగును. అప్పుడు వినబడు ప్రసంగము ఎలక్ట్రీషియనుది కాదు. ప్రసంగికుడు సత్యము చెప్పునో అబద్ధము చెప్పునో, ఆ తీగ నిర్ణయింపదు. మందు చేయునదియు అంతియే. మా పినతల్లి కుమారుని సంగతి, అతని అనుమతితోనే వ్రాయుచున్నాము. అతడు చిల్లర వ్యాపారి. ఫైనాన్సు వారికి బాకీపడి, తలుపు తట్టిన ప్రతి చప్పుడుకు వణకి, లెక్కల పుస్తకము తెరచుటకే భయపడి నెలల తరబడి దానిని ముట్టలేదు. అతడును అదే వైద్యుని యొద్ద మందు పుచ్చుకొనెను. మందు అతని అప్పును తీర్చలేదు. ఒక్క రూపాయియు తగ్గింపలేదు. వణకని చేతితో పుస్తకము తెరచి ఎవరికెంత ఇయ్యవలెనో వ్రాసికొనగలిగెను. తరువాత భార్య నగలు అమ్మవలెనా, దుకాణము అమ్మవలెనా, అన్నదమ్ముల నడుగవలెనా అను నిర్ణయములు అతనివే. దుకాణమును అమ్మినప్పుడు కలిగిన దుఃఖమును అతనిదే. ఆ దుఃఖమును మాత్ర తీసివేయలేదు, తీసివేయకూడదు కూడ.

దీనినుండి ఒక గుర్తు దొరకుచున్నది. మందు పుచ్చుకొన్న తరువాత మనిషి తన కర్తవ్యమునకు దగ్గరగా వచ్చుచున్నాడా, దూరముగా పోవుచున్నాడా? దగ్గరకు వచ్చుచున్నయెడల ఆ మందు దేవుని మేలులలో ఒకటి. ఒకడు పేదవాని భూమిని కాజేసి, రాత్రి నిద్ర పట్టక, నిద్రమాత్ర మ్రింగుచున్నాడనుకొనుడి. వానికి కావలసినది జక్కయ చేసిన పని: తీసికొన్నదానిని తిరిగి ఇచ్చివేయుట. వాని నిద్రలేమి రోగము కాదు, దేవుని తట్టుడు. ఈ వ్యత్యాసము లేదని మేము చెప్పము. కాని నూరుమంది భయస్థులు వచ్చినప్పుడు నూరుగురిని నేరస్థులవలె విచారించుట యోబు స్నేహితుల పని. ఆ స్నేహితులపై దేవుడు కోపించెనని గ్రంథాంతమున చదువుచున్నాము.

మరియొక అపాయమును చెప్పవలెను. అద్దె కట్టలేక, బిడ్డల ఫీజు కట్టలేక, త్రాగుబోతు భర్త చేత దెబ్బలు తినుచు ఒక స్త్రీ వణకుచున్నయెడల, ఆమె చేతిలో మాత్ర పెట్టి పంపివేయుట చాలదు. చలిలో ఉన్నవానితో వెచ్చగా ఉండుమని చెప్పి పంపువానిని యాకోబు తన పత్రికలో ఎట్లు నిలదీసెనో మనకు తెలియును. ఆమె బుగులుకు వైద్యుడు మందిచ్చును. ఆమె రందిలో పాలు పంచుకొనుట సంఘము పని. వైద్యుని పనిని మనము ఆక్షేపించుచు, మన పనిని చేయకుండ ఉండుట రెండింతల దోషము.

మందుల విషయమైన జాగ్రత్తలును సూటిగా చెప్పెదము, ఎందుకనగా మందును దేవుని మేలు అనుట దానిని నిర్దోషి అనుట కాదు. భయమును అణచు మాత్రలు గడచిన శతాబ్దపు మధ్యలో వరుసగా వచ్చినవి: 1955లో మిల్‌టౌన్, 1960లో లిబ్రియమ్, 1963లో వాలియమ్. అవి అపాయము లేనివని తలచి లోకమంతట విరివిగా మ్రింగిరి. కొంత కాలమైన తరువాత, వాటికి దేహము అలవాటు పడుననియు, హఠాత్తుగా మానినయెడల వణకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కూడ వచ్చుననియు తెలిసెను. అందుచేతనే మన దేశములో 2014 మార్చి 1 నుండి డయజెపామ్, అల్‌ప్రజోలామ్ వంటివాటిని హెచ్‌ 1 షెడ్యూలులో ఉంచిరి. డాక్టరు చీటీ లేనిదే వీటిని అమ్మరాదు. వ్రాసిన డాక్టరు పేరును, రోగి పేరును, మందు లెక్కను దుకాణదారుడు వేరుగా పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. కనుక ప్రక్కింటి వదిన వేసికొను గోలీని అడిగి వేసికొనవద్దు. పాత చీటీతో ఏండ్ల తరబడి కొనవద్దు. ఎస్సిటలోప్రామ్ వంటివి ఆ జాతి మందులు కావు; అవి మత్తు నియ్యవు, కాని వాటిని సైతము హఠాత్తుగా మానరాదు. గర్భిణులును బాలెంతలును తమ స్థితిని వైద్యునికి తప్పక చెప్పవలెను. కొందరికి మందే అక్కరలేదు. శిక్షణ పొందినవారితో కొన్ని వారములు మాటలాడి, భయపడు చోటికి మెల్లమెల్లగా వెళ్ళుట నేర్చుకొనుటతోనే తగ్గును. ఇది ఎవరికేది కావలెనో చెప్పువాడు వైద్యుడే గాని కాపరి కాదు, సంఘపెద్దయు కాదు.

మేము నేటికిని ఆ మాత్రను పుచ్చుకొనుచున్నాము. ఏడాదిన్నర తరువాత వైద్యుడు మెల్లగా తగ్గించి చూచెను. మూడు నెలలలో రాత్రి రెండు గంటల దడ తిరిగి వచ్చెను. మరల 10 మిల్లీగ్రాములకే తెచ్చెను. ఇది ఓటమియా? మా సంఘములో రక్తపోటుకు ఇరువది యేండ్లుగా మందు వాడుచున్న పెద్దలున్నారు. వారు ప్రతి ఉదయము ఓడిపోవుచున్నారని ఎవరును అనరు. పౌలు తన ముల్లును తీసివేయుమని మూడుసార్లు వేడుకొనెను. అది తీసివేయబడలేదు, కృప మాత్రము చాలినంత ఇయ్యబడెను. ఆ కృప మా వరకు కొంత ప్రార్థన రూపమున, కొంత తమ్ముని ఇంటి అన్నము రూపమున, కొంత ఒక తెల్లని చిన్న మాత్ర రూపమున వచ్చుచున్నది. రూపము చిన్నదని ఇచ్చినవానిని చిన్నచూపు చూడజాలము.

మన నగరమును గూర్చి ఒక మాట. 2001 ఆగస్టులో హైదరాబాదు నగరపు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, మనోవ్యాకులతకు వాడు ఫ్లూఓక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందును అమెరికాలో అమ్ముటకు ఆరు నెలల ప్రత్యేక హక్కును సంపాదించెను. సముద్రముల కవతలి వారి నెమ్మదికి మన ఊరి చేతులు మందు చేయుచున్నవి. మన ఇండ్లలోనో, ఆ మందు బియ్యపు డబ్బాలో దాగియున్నది! ఎవరైనను కొంచెము తేడాగా మాటలాడినచో "ఎఱ్ఱగడ్డకు పంపవలె" అని నవ్వుకొనుట మనకు ఇంకను వాడుకగానే ఉన్నది. ఆ నవ్వు విన్నవాడు తన బాధను ఎవరితో చెప్పుకొనును? లోకపు చట్టము సైతము మనకంటె ముందు నడచినది. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, దేహరోగములకు ఉన్నట్లే మనోరోగములకును భీమా సౌకర్యము ఉండవలెను. ప్రాణము తీసికొన యత్నించినవానిని నేరస్థునిగా గాక, తీవ్ర బాధలో నున్నవానిగా ఎంచవలెను. 2022 అక్టోబరు 10 నుండి టెలి మానస్ అను ప్రభుత్వ సేవ నడచుచున్నది. 14416 నంబరునకు ఫోను చేసినయెడల తెలుగులో మాటలాడవచ్చును. సొమ్ము చెల్లింప నక్కరలేదు. ఈ నంబరును మందిరపు నోటీసు బల్లమీద వ్రాయించుడని కాపరులందరిని వేడుకొనుచున్నాము.

సహోదర సహోదరీలారా, మీలో ఎవరైనను ఈ బాధలో ఉన్నయెడల, మందు పుచ్చుకొనుచు ప్రార్థించుడి, ప్రార్థించుచు మందు పుచ్చుకొనుడి. రందిని దేవునికి అప్పగించుడి; బుగులును వైద్యునికి చూపుడి; రెండింటిని గూర్చియు నమ్మకమైన ఒక్కరితోనైనను చెప్పుకొనుడి. ఈ బాధ ఎరుగనివారు దేవునికి కృతజ్ఞత చెల్లించి, ఎరిగినవారిని ప్రశ్నించుట మానుడి. స్త్రీల కూటములో గాని, యౌవనుల కూటములో గాని ఒకరు సంచిలోనుండి మాత్ర తీసినప్పుడు, అది దేనికని అడుగవద్దు. చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాడు తన ఫలమును పోగొట్టుకొనడని మన ప్రభువు సెలవిచ్చియున్నాడు. లేచి వెళ్ళి, గ్లాసెడు నీళ్ళు అందించుడి.